“నెట్టు రాలేదు” అన్నది సమాధానం కాదు

ఒకప్పుడు గోదావరి జిల్లాల కళాశాలలలో చెప్పిన పని చేసుకొని రాని విద్యార్థికి కారణాలు రెండు మూడే ఉండేవి. కరెంటు పోయింది, బస్సు రాలేదు, పంటు కదలలేదు. నేడు ఆ మూడింటి స్థానాన్ని ఒకే ఒక వాక్యం ఆక్రమించింది: “నెట్టు రాలేదు సార్.” ఆ మాట వినగానే అధ్యాపకుడు తల పంకిస్తాడు, చెప్పిన విద్యార్థి బరువు దించుకొన్నట్లు కూర్చుంటాడు. ఎక్కడ రాలేదు, ఎందువలన రాలేదు, ఏమి చేసి ఉంటే వచ్చేది అనే ప్రశ్న ఏ పక్షం నుండీ రాదు. వాన కురవలేదన్నట్లు, గాలి వీచలేదన్నట్లు ఇదీ ఒక దైవఘటనగా చెల్లుబాటు అయిపోతున్నది.

ఇది దైవఘటన కాదు. సెల్‌ఫోనులోని ఇంటర్నెట్టును కంప్యూటరుకు అందించుకొనే ఏర్పాటు మనుష్యులు నిర్మించినది. అది చెడితే ఏదో ఒక చోట చెడుతుంది. ఆ చోటును వెదకి పట్టుకోవచ్చును. అలా వెదకడం విద్యార్థి నేర్చుకోవలసిన విద్య. వెదకిన తరువాత కూడ విద్యార్థి చేతిలో లేని లోపాలు కొన్ని మిగులుతవి. వాటికి ప్రత్యామ్నాయం చూపడం కళాశాల బాధ్యత. ఈ రెండు మాటలు విద్యార్థినీ విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంత చిన్న విషయానికి వార్షిక సంచికలో ఇన్ని పుటలా అని కొందరికి అనిపించవచ్చును. కాని ఒక్కసారి ఆలోచించండి. డిగ్రీలో ప్రవేశం నేడు కంప్యూటరు ద్వారా. నిన్నటి దాకా ఎంసెట్ అని పిలిచి నేడు ఈఏపీసెట్ అంటున్న పరీక్ష తరువాత కళాశాలల ఎంపిక కంప్యూటరు ద్వారా. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, పరీక్ష రుసుము, హాల్ టికెట్టు, ఉద్యోగ ప్రకటనకు జవాబు, అన్నీ ఆ ద్వారం గుండానే. ‘దరఖాస్తు’ అనే మాట ఫారసీ నుండి ఉర్దూ మీదుగా వచ్చి మన తెలుగు కచేరీలలో స్థిరపడింది. కాగితపు దరఖాస్తుల కాలంలో గుమాస్తా సాయంత్రం బల్ల సర్దుకొంటున్న వేళ కూడ బతిమాలి ఒక కాగితం అతని చేతిలో పెట్టే వీలుండేది. కంప్యూటరుకు దయాదాక్షిణ్యాలు లేవు. ఆఖరు తేదీ గడియ దాటితే ద్వారం మూతపడుతుంది. ఆ క్షణాన సిగ్నల్ తెగినవాడికీ, అసలు దరఖాస్తే చేయనివాడికీ అక్కడ భేదం లేదు. ఒక ఏడాది చదువు, ఒక పేద కుటుంబం లెక్క వేసుకొని కూర్చున్న రుసుము, ఆ ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోవచ్చును. కనుక ఇది చిన్న విషయం కాదు.

ఫోను ఎట్లా కాలువ అయింది?

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు సేవ 1995 ఆగస్టు 15న ఆరంభమైంది. ఆనాడు అది టెలిఫోను తీగ మీద, మోడెం అనే పెట్టె ద్వారా వచ్చేది. అట్టి మోడెములు బాగా అభివృద్ధి చెందిన తరువాత కూడ వాటి వేగం సెకనుకు 56 కిలోబిట్లకు మించలేదు. తరువాత సెల్‌ఫోనునే కేబులుతో కంప్యూటరుకు తగిలించే పద్ధతి వచ్చింది; పిమ్మట పెన్ డ్రైవును పోలిన డాంగిళ్లు వచ్చినవి. 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవ ఆరంభమైన తరువాత డేటా వెల పడిపోయింది. సామాన్యుని ఇంటిలోకి కూడ స్మార్టుఫోను ప్రవేశించింది. నేడు ఆ ఫోనే తనలోని ఇంటర్నెట్టును హాట్‌స్పాట్ ద్వారానో, కేబులు ద్వారానో కంప్యూటరుకు పంచుతున్నది.

ఇంటికి ప్రత్యేకంగా తీగ పెట్టించుకొని నెలనెలా బిల్లు కట్టే స్తోమత లేని కుటుంబాలకు ఇది వరమే. అయితే ఫోనును ఒక మనిషి చేతి కొరకు తయారు చేశారు. గంటల తరబడి మరొక యంత్రాన్ని పోషించడం దాని ప్రధాన వృత్తి కాదు. అందుచేత ఈ ఏర్పాటులో అతుకులు ఎక్కువ. అతుకు ఉన్న ప్రతి చోటా తెగే అవకాశం ఉన్నది.

ఈ అతుకులను అర్థం చేసుకొనడానికి డెల్టా వాసులమైన మనకు దూరపు ఉపమానాలు అక్కరలేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నుండి, నేడు దాని స్థానంలో నిలిచిన కాటన్ బ్యారేజి వద్ద నుండి, గోదావరి నీరు ప్రధాన కాలువలోకి, అక్కడి నుండి పంట కాలువలోకి, తూము గుండా బోదెలోకి, చివరకు మడిలోకి చేరుతుంది. శివారు పొలానికి నీరు అందలేదనుకొందాం. అనుభవజ్ఞుడైన రైతు వెంటనే ఆనకట్టను తిట్టడు. ముందు తన బోదె పూడిందేమో చూస్తాడు. తరువాత తూము చూస్తాడు. ఆ పైన కాలువలో గుర్రపుడెక్క పేరుకొన్నదేమో చూస్తాడు. ఆ తరువాతనే లాకుల వద్ద నీటి మట్టం ఎంత ఉన్నదని అడుగుతాడు. కాలువ గట్టు వెంట నడచి ఈ పని చేసే ఉద్యోగిని మనవారు లస్కరు అంటారు. ఉర్దూలో ‘లష్కర్’ అనగా సైన్యం. ఎక్కడి సైన్యం, ఎక్కడి కాలువ గట్టు! మాట మారినా కాపలా బాధ్యత మారలేదు. నెట్టు రాని విద్యార్థి చేయవలసిన పని కూడ లస్కరు పనే: గట్టు వెంట నడవడం, ఒక్కొక్క మజిలీనీ చూడడం.

ఫోను ఇంటర్నెట్టుకు మజిలీలు నాలుగు. టవరు నుండి ఫోనుకు మొదటిది. ఫోను నుండి కంప్యూటరుకు రెండవది. కంప్యూటరు లోపలి వ్యవహారం మూడవది. మనం చేరదలచిన సంస్థ సర్వరు నాలుగవది. వీటిలో లోపం ఎక్కడున్నదో తేల్చడానికి మొదటి పరీక్ష అతి సులభం. కంప్యూటరును ప్రక్కకు పెట్టి, వైఫై ఆపి, ఫోనులోనే ఏదైనా ఒక పేజీ తెరిచి చూడండి. ఫోనులో కూడ రాకపోతే లోపం మొదటి మజిలీలో ఉన్నది. ఫోనులో చక్కగా వచ్చి కంప్యూటరులో రాకపోతే రెండు, మూడు మజిలీలలో ఉన్నది. రెండింటిలోను మిగిలినవన్నీ వచ్చి ఆ ఒక్క పోర్టలు మాత్రమే రాకపోతే లోపం నాలుగవ చోట ఉన్నది. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది.

మొదటి మజిలీ: టవరు నుండి ఫోనుకు

గీతలు నిండుగా ఉన్నవి, నెట్టు మాత్రం కదలదు. ఇది తరచుగా వినవచ్చే ఫిర్యాదు. ఆ గీతలు టవరు గొంతు మనకు ఎంత గట్టిగా వినిపిస్తున్నదో చెబుతవి. ఆ టవరు అదే సమయంలో ఎంతమందికి జవాబు చెప్పుకొంటున్నదో చెప్పవు. రాత్రి ఎనిమిది నుండి పదకొండు వరకు ఊరంతా వీడియోలు చూసే వేళ కదలని పేజీ, తెల్లవారుజామున ఐదింటికి అదే గదిలో, అదే ఫోనులో చిటికెలో తెరుచుకొంటే, లోపం మీ ఫోనులో లేదు; రద్దీలో ఉన్నది. దానికి మందు వేళ మార్చుకొనడమే.

వేళ మార్చినా ఫలితం లేకపోతే సిగ్నల్ బలం చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోనులలో సెట్టింగులలోని ‘ఫోన్ గురించి’ అనే భాగంలో సిమ్ స్థితి చూస్తే సిగ్నల్ బలం అంకెలలో కనిపిస్తుంది. 4జీలో అది మైనస్ 90 పరిసరాలలో ఉంటే బాగున్నట్లు. మైనస్ 110 దాటి క్రిందికి పోతే బలహీనమైనట్లు. కాంక్రీటు శ్లాబు క్రింది లోపలి గది, రేకుల కప్పు, ఇంటి చుట్టూ దట్టమైన కొబ్బరి తోట, ఇవన్నీ రేడియో తరంగాలను మింగుతవి; తడిసిన ఆకులు మరింత మింగుతవి. 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు దూరం పోతవి, గోడలు దాటుతవి. 2300 మెగాహెర్ట్జ్, 5జీలో వాడే 3500 పరిసరాల తరంగాలు ఎక్కువ సమాచారాన్ని మోసినా గోడ వద్ద త్వరగా అలసిపోతవి. అందువలననే ఫోను 5జీకీ 4జీకీ మధ్య ఊగిసలాడుతూ మాటిమాటికి తెగుతున్నప్పుడు, సెట్టింగులలో 4జీని మాత్రమే ఎంచుకొంటే వేగం కొంత తగ్గినా నిలకడ వస్తుంది. దరఖాస్తు నింపేవానికి వేగం కంటె నిలకడ ముఖ్యం.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం. కంప్యూటరు ఉన్న చోట ఫోను ఉండవలసిన పని లేదు. సిగ్నల్ ఉన్న కిటికీలోనో, మేడ మెట్ల మీదనో ఫోనును ఉంచి, హాట్‌స్పాట్ ద్వారా క్రింది గదిలోని కంప్యూటరుకు తీసుకోవచ్చును. నీరున్న చోటికి పొలాన్ని తీసుకొనిపోలేము; కాని ఫోనును సిగ్నల్ ఉన్న చోటికి తీసుకొనిపోగలము.

తరువాత చూడవలసింది డేటా కోటా. రోజుకు 1.5 లేక 2 గిగాబైట్ల పథకాలు అయిపోయిన వెంటనే చాలా కంపెనీలు వేగాన్ని 64 కిలోబిట్లకు దించుతవి. అనగా పాతిక సంవత్సరాల నాటి టెలిఫోను మోడెం వేగానికి మనలను తిరిగి పంపుతవి. ఆ వేగంలో 2 మెగాబైట్ల సర్టిఫికెట్టు ఎక్కించడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. అంతలో పోర్టలు విసిగి మనలను బయటికి పంపివేస్తుంది. నెట్టు ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు.

రెండు సిమ్ములున్న ఫోనులలో మరొక చిక్కు ఉన్నది. ఒక సిమ్ము మీద డేటా నడుస్తుండగా రెండవ సిమ్ముకు పిలుపు వస్తే, అనేక ఫోనులలో మాట ముగిసే వరకు డేటా ఆగిపోతుంది. కంప్యూటరు ముందున్న విద్యార్థి దీనిని నెట్టు లోపం అనుకొంటాడు. ముఖ్యమైన పని సాగుతున్నంతసేపు రెండవ సిమ్మును ఆపి ఉంచడం మంచిది. ఓటీపీ ఆ సిమ్ముకే వచ్చేటట్లయితే ముందుగానే దానికి డేటా మార్చుకోవాలి. ఇక రోహిణీ కార్తె ఎండలలో ఛార్జింగు పెట్టి, హాట్‌స్పాట్ తెరిచి, కిటికీ గూటిలో ఉంచిన ఫోను వేడెక్కి తన పనిని తానే తగ్గించుకొంటుంది. దానిని నీడకు మార్చి, వెనుక తొడుగు తీసివేస్తే చాలు.

ఇవన్నీ చూచిన తరువాత కూడ రాకపోతే, ఏరోప్లేన్ మోడ్‌ను అర నిమిషం పెట్టి తీయండి. ఫోను టవరుతో తన పరిచయాన్ని మళ్లీ మొదటి నుండి చేసుకొంటుంది.

రెండవ మజిలీ: ఫోను నుండి కంప్యూటరుకు

ఫోనులో వస్తున్నది, కంప్యూటరులో రావడం లేదు. అప్పుడు ముందు కేబులును అనుమానించాలి. బజారులో అమ్మే చవక కేబుళ్లలో కొన్ని ఛార్జింగుకు మాత్రమే పనికివస్తవి. సమాచారాన్ని మోసే తీగలు వాటిలో అసలే ఉండవు. ఫోను ఛార్జి అవుతున్నదంటే కేబులు బాగున్నదని కాదు. ఆ కేబులుతో ఒక ఫోటోను ఫోను నుండి కంప్యూటరుకు ఎక్కించి చూస్తే నిజం తేలుతుంది. రంధ్రంలో చేరిన దుమ్ము కూడ కేబులు కదిలినప్పుడల్లా నెట్టు తెగడానికి కారణం కావచ్చును.

కేబులు మార్గం నిలకడైనది. దానితో ఫోను ఛార్జి కూడ అవుతుంది. హాట్‌స్పాట్ వైఫై సౌకర్యమైనది. కాని బ్యాటరీని త్వరగా తినివేస్తుంది. బ్లూటూత్ మార్గం బ్యాటరీని పొదుపు చేస్తుంది; కాని నెమ్మది. ఏ మార్గం మొరాయిస్తే రెండవ మార్గం ప్రయత్నించాలి. హాట్‌స్పాట్ కొంతసేపటికి తనంతట తానే ఆరిపోతుంటే అది దయ్యం పని కాదు. ఎవరూ వాడడం లేదనిపించినప్పుడు ఆరిపోవాలన్న సెట్టింగు, లేక బ్యాటరీ పొదుపు సెట్టింగు దానికి కారణం. హాట్‌స్పాట్‌కు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు మార్గాలుంటవి. మొదటిది గోడ దాటుతుంది. రెండవది దగ్గరగా ఉంటే వేగంగా పోతుంది. పాత కంప్యూటర్లు కొన్ని రెండవ మార్గాన్ని గుర్తించనే లేవు. పేరు కనిపించడం లేదని వాపోయే విద్యార్థి మొదటి మార్గానికి మార్చి చూడాలి. హాట్‌స్పాట్‌కు గట్టి పాస్‌వర్డు పెట్టుకొనడం కూడ మరువరాదు; మీ కోటా తరిగిపోవడానికి ప్రక్క గది స్నేహితుడు కారణం కావచ్చును!

మూడవ మజిలీ: కంప్యూటరు లోపల

ఫోనుతో అలవాటు పడినవారు కంప్యూటరు తిండి ఎంత పెద్దదో గ్రహించరు. తీగ మీది ఇంటర్నెట్టు దొరికిందనుకొని అది తన నవీకరణలను, అప్‌డేట్లను గుట్టు చప్పుడు కాకుండా దింపుకొంటుంది. రోజు కోటా అరగంటలో అయిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట. విండోస్ సెట్టింగులలో ఆ హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్ కనెక్షన్’ అని గుర్తు పెడితే ఈ దుబారా చాలావరకు ఆగుతుంది.

పాత కంప్యూటర్లలో మరొక విచిత్రమైన జబ్బు ఉన్నది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి గడియారం ఎన్నో ఏండ్లు వెనుకకు పోతుంది. అప్పుడు భద్రత గల ఏ పేజీ తెరిచినా ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అనే హెచ్చరిక వస్తుంది. విద్యార్థి నెట్టును తిట్టుకొంటాడు. తారీఖు సరిచేస్తే పేజీ తెరుచుకొంటుంది.

లోపం ఇంకా దొరకనప్పుడు మూడు మెట్ల పరీక్ష ఒకటి ఉన్నది. కంప్యూటరు పాఠం చదివిన ప్రతి విద్యార్థి దీనిని చేయగలడు. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లని కిటికీలో ‘ఐపీకాన్ఫిగ్’ అనే ఆజ్ఞ ఇస్తే డిఫాల్ట్ గేట్‌వే అనే చిరునామా కనిపిస్తుంది. అది మీ ఫోను చిరునామా. ‘పింగ్’ అనే ఆజ్ఞతో మొదట దానిని పలకరించండి. పలకకపోతే లోపం ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్నది. అది పలికితే 8.8.8.8 అనే చిరునామాను పలకరించండి. ఇది బయటి ప్రపంచంలో ఉన్నది. ఫోను పలికి, ఇది పలకకపోతే లోపం టవరు వైపు ఉన్నది. రెండూ పలికితే ఏదైనా ప్రసిద్ధమైన వెబ్‌సైటును పేరుతో పలకరించండి. అంకె పలికి, పేరు పలకకపోతే లోపం పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ అనే పట్టికలో ఉన్నది. నెట్‌వర్క్ సెట్టింగులలో డీఎన్ఎస్ చిరునామాను మార్చుకొంటే సరిపోతుంది. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. తర్కశాస్త్రం ఇంతకంటె స్పష్టంగా బోధించగలదా?

నాలుగవ మజిలీ: అవతలి ఒడ్డు

మన వైపు అంతా బాగున్నప్పటికీ ఆఖరు తేదీన వేల మంది ఒకేసారి తలుపు తట్టితే సర్వరు పలకదు. దీనికి మన చేతిలో ఉన్న మందు ముందుచూపు ఒక్కటే. వివరాలన్నీ ముందుగా ఒక ఫైలులో వ్రాసి ఉంచుకోవాలి. ఫోటో, సంతకం, సర్టిఫికెట్లు అడిగిన కిలోబైట్ల పరిమాణానికి ముందే తగ్గించి ఉంచుకోవాలి. ప్రతి పుట తరువాత సేవ్ చేయాలి. రుసుము కట్టేటప్పుడు నెట్టు తెగితే వెంటనే రెండవసారి కట్టరాదు. ముందు బ్యాంకు ఖాతాలో సొమ్ము పోయిందో లేదో, పోర్టలులో చెల్లింపు స్థితి ఎట్లా ఉన్నదో చూడాలి. దరఖాస్తు అందినట్లు వచ్చిన రసీదును దాచుకోవాలి. ఆఖరు తేదీని క్యాలెండరులో అసలు తేదీ కంటె వారం ముందుగా వ్రాసుకొన్నవాడు ఎన్నడూ నష్టపోడు.

మన చేతిలో లేనివి

ఇంతవరకు చెప్పినవి విద్యార్థి సరిచేసుకోగలిగినవి. సరిచేసుకోలేనివి కూడ ఉన్నవి. వాటిని దాచిపెట్టి విద్యార్థినే నిందించడం న్యాయం కాదు.

మనది సముద్రతీరపు డెల్టా. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఇట్టి తుపానులలో విద్యుత్తు దీర్ఘకాలం ఆగిపోతే టవరుకు ఆధారమైన బ్యాటరీలు, డీజిలు కూడ ఎంతో కాలం నిలువవు. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల అనంతరం కోనసీమలో మొబైలు ఇంటర్నెట్టును ప్రభుత్వం పలు దినాలు నిలిపివేసింది. ఇంటి నుండి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాపులతో సిగ్నల్ దొరికే పొరుగు ప్రాంతాలకు పరుగులు తీసిన సంగతి ఆనాటి పత్రికలలో వచ్చింది. ఉద్యోగికి పొరుగూరు పోవడానికి ఖర్చు ఉన్నది, వాహనం ఉన్నది. పరీక్ష రుసుము కట్టవలసిన విద్యార్థికి అవి ఉన్నవా?

ఇవి అరుదైన సంఘటనలు అనవచ్చును. నిత్యం జరిగేది మరొకటి ఉన్నది. అనేక ఇండ్లలో స్మార్టుఫోను ఒక్కటే ఉంటుంది. ఉదయం అన్న పనికి పోతూ దానిని జేబులో పెట్టుకొని పోతాడు. ఇంటిలోని కంప్యూటరుకు నెట్టు కూడ అతని వెంటే గడప దాటుతుంది. సాయంత్రం ఫోను తిరిగి వచ్చేసరికి కువైట్ నుండో, దుబాయి నుండో తండ్రి వీడియో పిలుపు వస్తుంది. ఆ పిలుపును కాదనే హక్కు ఎవరికున్నది? ఆ తరువాత మిగిలిన కోటాతో చెల్లెలు తన దరఖాస్తు నింపుకోవాలి. వరుసలో చివర నిలిచేది తరచుగా ఆడపిల్ల. శివారు పొలానికి నీరందదని అంటాం. శివారు విద్యార్థిని గూర్చి కూడ ఆలోచించాలి. ఆమె ఎన్ని మజిలీలు పరీక్షించినా ఫోనే ఇంటిలో లేనప్పుడు లోపం సాంకేతికం కాదు.

కమిటీ పెద్దలకు మనవి

“ఫోను ఎవరి చేతిలో లేదు? నెట్టు కొరకు కళాశాల ఎందుకు ఖర్చు చేయాలి?” అని అడిగేవారున్నారు. పై పేరాయే వారికి సమాధానం. “ల్యాబ్‌లో నెట్టు ఉన్నది కదా” అనేవారూ ఉన్నారు. ఉన్నది, కాని ల్యాబ్ ప్రాక్టికల్సుకు అంకితం, సాయంత్రం తాళం. దరఖాస్తుల కాలం ల్యాబ్ టైమ్ టేబులును చూసి రాదు.

తీగ మీద వచ్చే ఇంటర్నెట్టుకు ఉన్న గుణం ఏమిటో మన ప్రాంతమే ఒకనాడు చూచింది. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్ సేవ ఆరంభమైంది. నెలకు 149 రూపాయల ప్రాథమిక పథకంతో ఇంటింటికి ఫైబరు అన్న మాట ఆ ఊరి నుండి రాష్ట్రమంతటా వినిపించింది. వేసిన తీగను నిత్యం కాపాడుకొనడం వేరే సంగతి. అయినను ఫైబరు తీగకు కొబ్బరి ఆకు అడ్డం రాదు, శ్లాబు అడ్డం రాదు, రాత్రి తొమ్మిది గంటల టవరు రద్దీ అడ్డం రాదు. ఇంటింటా సాధ్యం కానిది కళాశాలలో ఒక్క గదిలో సాధ్యమే.

కనుక నా సూచనలు నాలుగు. మొదటిది, ఉన్న కంప్యూటర్లలోనే నాలుగైదింటిని ఒక గదిలో ఉంచి, ఫైబరు కనెక్షనుతో, ఇన్వర్టరుతో, ఆ కనెక్షను ఆగినప్పుడు వాడుకొనడానికి వేరొక కంపెనీ సిమ్ముతో ‘దరఖాస్తుల గది’గా ఏర్పాటు చేయాలి. రెండవది, ఆఖరు తేదీలకు ముందు వారం ఆ గదిని సాయంత్రం కూడ తెరిచి ఉంచి, దూర గ్రామాల విద్యార్థినులకు ఆఖరి బస్సు వేళకు ముందే పని పూర్తయ్యేటట్లు మొదటి అవకాశం ఇవ్వాలి. మూడవది, ఆ గదిలో ఒక లోపాల పుస్తకం ఉండాలి. తేదీ, వేళ, ఏ మజిలీలో లోపం, ఏమి చేస్తే తొలగింది అని ప్రతిసారీ వ్రాయాలి. కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకొన్నప్పుడు, అది పరిష్కారం కాక అదే కంపెనీ అప్పీలు అధికారి వద్దకు పోయినప్పుడు, ఆ పుస్తకమే మన సాక్ష్యం. ఉత్త మాటకు లేని బలం వ్రాసిన లెక్కకు ఉంటుంది. నాలుగవది అధ్యాపకులమైన మాకు సంబంధించినది. అర్ధరాత్రి గడువులు పెట్టడం మానాలి. నెట్టు రాలేదన్న విద్యార్థిని దండించనూ వద్దు, ఊరకే వదిలిపెట్టనూ వద్దు. ఏ మజిలీలో ఆగిందో అడిగి చెప్పించాలి.

విద్యార్థులారా, ఈ పరిశోధనకు ఒక్క నియమం చాలు: ఒకసారి ఒక్కటే మార్చండి. కేబులు, సిమ్ము, గది, గడియారం అన్నీ ఒకేసారి మార్చితే నెట్టు వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. రేపు మళ్లీ పోయినప్పుడు మళ్లీ చీకటే. ఒక్కటి మార్చి, చూచి, వ్రాసుకొని, రెండవది మార్చినవాడు నేర్చుకొన్నది ఒక ఫోను సంగతి మాత్రమే కాదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, వైద్యుని గదిలో, న్యాయస్థానంలో కారణాన్ని కనుగొనే పద్ధతి అదే.

దరఖాస్తుల కాలం ప్రతి ఏటా వేసవితోనే ఆరంభమవుతుంది. కమిటీ వారు ఈ విద్యా సంవత్సరం చివరి సమావేశంలోనే ఆ గదికి ఆమోదం తెలిపి, జూన్ నెలకు ముందు దాని తలుపు తెరిపించాలని నా ప్రార్థన.